నాలుగో పైపు

ఆగస్టు 5, మంగళవారం

బాపు ఆ పాల వీడియో ఇంకా అందరికీ చూపిస్తూనే ఉన్నాడు. పొద్దున పాలకొచ్చిన వాళ్లను క్యాన్ల పక్కన నిలబెట్టి, ఫోను వాళ్ల ముక్కు దాకా ఎత్తి — "మా బిడ్డ గీసింది. నాలుగు లోటాలల్ల ఒక్క చుక్క తేడా ఉందా, చూడు."

మొన్న ఆదివారం తీసింది. ఇంట్లోకి ఏ కొత్త గిన్నె వచ్చినా ముందు పాలతో తడపడం మా ఇంటి ఆనవాయితీ. సంతోష్ అన్న తన కార్ల రిపేరు షాపులో చేసిన మొదటి మానిఫోల్డ్‌ను చంటిపిల్లలా ఎత్తుకొచ్చేసరికి బాపుకు అదీ గిన్నెలాగే కనిపించింది. పొడుగాటి అల్యూమినియం డబ్బా, కింద నాలుగు పొట్టి పైపులు. టర్బో తోసే గాలిని ఇంజన్‌లోని నాలుగు సిలిండర్లకు పంచేది. నాలుగు పైపులకూ నలుగురం అరచేతులు అడ్డం పెట్టాం — అమ్మ, అన్న, షాపులో దాన్ని వెల్డింగుతో అతికిన ఖలీల్ భాయ్, నేను. నాలుగోది నాది. బాపు డబ్బా నిండా పాలు పోసి "ఇడువుండ్రి" అన్నాడు. అందరం ఒకేసారి చేతులు తీశాం. లోటాలు ఒకేసారి నిండాయి. అమ్మ ఏడ్చినంత పని చేసింది.

పాలు తమ బరువుతో కిందికి దిగుతాయి. గాలి అలా దిగదు, ఒక పక్క నుంచి దూసుకొస్తుంది. ఈ పరీక్షకు అర్థం లేదని నాకు అప్పుడే తెలుసు.

వీడియోలో నేను నవ్వుతున్నాను.

ఆగస్టు 6

రాయకూడదనుకున్నాను... రాస్తున్నాను.

నేను మొదట గీసిన డబ్బా ఇలా లేదు. గాలి వచ్చే వైపు వెడల్పు, చివరికి పోయేకొద్దీ సన్నం. అన్న కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇదేందే చెల్లె, వంకర పోయింది. రేకు సాల్లేదనుకుంటరు చూసినోళ్లు. సీదాగ గియ్యి." ఎందుకు సన్నమో చెప్పాలంటే నోరు తెరవాలి. షాపులో అప్పుడు ఇంకో ముగ్గురు మగవాళ్లు ఉన్నారు. సరే అన్నాను.

శనివారం కాలేజీ ల్యాబ్‌లో ఆ సీదా డబ్బాను కంప్యూటర్‌కి మళ్లీ ఇచ్చాను. ఈసారి టర్బో పూర్తి ఒత్తిడితో. బొమ్మ వచ్చింది. మొదటి పైపు నీలం, తర్వాతిది ఆకుపచ్చ, ఆ తర్వాతిది పసుపు, నాలుగోది ఎరుపు. గాలి మొదటి పైపును దాటి పరుగెత్తి, చివరి గోడకు తగిలి, అక్కడున్న నాలుగో పైపులోకి దూరుతోంది. నాలుగో సిలిండర్‌కు గాలి ఎక్కువ. పెట్రోలు మాత్రం మిగతావాటికి పడినంతే పడితే, వేడెక్కి లోపలి పిస్టన్ మాడిపోతుంది.

ఇంటికెళ్లి చెబుదామనుకున్నాను. మర్నాడే పాలు.

సోమవారం అన్న ఫోన్ చేశాడు. లైబ్రరీలో ఉన్నాను. నవల చివరి అధ్యాయం. "నాలుగు సిలిండర్లకు పెట్రోల్ ఒక్కతీరుగనే సెట్ చెయ్యనా?" ఊఁ అన్నాను. "పక్కానా?" పక్కా అన్నాను. అదీ గుసగుసగా, పేజీలో వేలు పెట్టుకుని, ఎక్కడ ఆపానో పోకుండా.

ఆ అధ్యాయంలో ఏం జరిగిందో ఇవాళ గుర్తుకు రావడం లేదు.

ఆగస్టు 7

నవీన్ కారు తీసుకెళ్లాడు, ఆ మానిఫోల్డ్ బిగించిన కారు. టర్బో పనికి అన్న మొదటి కస్టమర్. గుడిమల్కాపూర్‌లో వాళ్లది పూల దుకాణం, గంప నిండా బంతిపూలు పంపాడు. అమ్మ దేవుళ్లకే కాక పాల క్యాన్లకు కూడా దండలు వేసింది.

మెల్లగా నడుపుతాడేమో.

ఆగస్టు 8

చెప్పాలి. అన్న ఇవాళ అన్నం తింటూ పాట పాడుతున్నాడు. రేపు.

ఆగస్టు 10, ఆదివారం

నిన్న సాయంత్రం అవుటర్ రింగు రోడ్డు మీద నవీన్ కారు ఆగిపోయింది. పెద్ద చప్పుడు, వెనక తెల్లటి పొగ. లారీ మీద షాపుకు తెచ్చారు.

నవీన్‌కు దెబ్బలేమీ తగల్లేదు. ముందు అదే అడిగాను. ఆ తర్వాత అడగాల్సింది, చెప్పాల్సింది... అన్న అప్పటికే చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

ఆగస్టు 11

షాపుకెళ్లాను. వెళ్లకుండా ఉండలేకపోయాను.

ధూల్‌పేట్ సందు నిండా గణపతులు. సగం రంగు పడ్డవి, ఇంకా కళ్లు దిద్దనివి. మధ్యలో అన్న షెడ్డు. ఇంజన్ విప్పేశారు. నాలుగో పిస్టన్ అంచు మైనంలా కరిగి కారింది. నవీన్ ఒక మూల స్టూలు మీద కూర్చున్నాడు. గట్టిగా ఏమీ అనలేదు. తిడితే బాగుండునని అన్న తర్వాత అన్నాడు.

బల్ల మీద పేపరు పరిచి, తీసిన వరసలోనే నాలుగు స్పార్క్ ప్లగ్గులు పెట్టి ఉన్నాయి. మొదటిదానికి నల్లటి మసి. రెండోది గోధుమ రంగు. మూడోది ఇంకా లేత. నాలుగోది సుద్దముక్కలా తెలుపు. నల్లదానికి గాలి చాల్లేదు, తెల్లదానికి గాలి ఎక్కువైంది. కంప్యూటర్‌లో నేను చూసిన బొమ్మే, రంగులు మారి, పేపరు మీదికి దిగింది. ఆ వరస చూస్తే చాలు, తెలిసినవాడెవడైనా డబ్బానే తప్పు పడతాడు.

అన్న ఫోనులో ఉన్నాడు. ఖలీల్ భాయ్ నల్లా దగ్గర చేతులు కడుక్కుంటున్నాడు. నవీన్ నేల చూస్తున్నాడు.

నా వేలు ముందుకు పోయింది. మొదటిదాన్ని మధ్యకు దొర్లించింది. మూడోదాన్ని చివరికి. ఇంకోదాన్ని ఇటు.

ఎవరూ చూడలేదు. చూసినా సర్దుతున్నాననుకునేవారు. నేను సర్దే పిల్లనే కదా.

ఆగస్టు 12

వేలికి మసి. సబ్బుతో పోయింది.

ఆగస్టు 14

తప్పు దొరికిందట.

నాలుగో పైపు డబ్బాకు అతికిన చోట వెంట్రుక లాంటి పగులు. అన్న టార్చి వేసి అందరికీ చూపించాడు. "ఇగో, గీడికెల్లి బయటి గాలి గుంజుకుంది. నాలుగో దాంట్ల గాలి ఎక్కువైంది. అంతే."

ఖలీల్ భాయ్ కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి వంగి చూశాడు. వేలితో తడిమాడు. ఎంతో సేపు వంగే ఉన్నాడు. "నా చెయ్యే, సంతోష్" అన్నాడు. "ఆ దినం కండ్లల్లకెల్లి నీళ్లు కారుతుండె. నేనే ఖ్యాల్ చెయ్యలే."

ఎవరూ ఆయన్ని తిట్టలేదు. కొన్ని రోజులు రెస్ట్ తీసుకొమ్మని అన్న చాలా మెత్తగా చెప్పాడు. టీ తెప్పించాడు. ఖలీల్ భాయ్ టీ తాగి, గ్లాసు కడిగి పెట్టి వెళ్లాడు. ఆ గ్లాసు ఎప్పుడూ ఆయన కడగడు.

పగులు నిజమే. కానీ అది ఇంజన్ విరిగే దెబ్బకు వచ్చిన పగులు. ముందే ఉందనుకున్నా సరే — మామూలు ఇంజన్ గాలిని పీలుస్తుంది, పగులుంటే బయటి గాలి లోపలికి పోతుంది. అన్న ఇన్నేళ్లు చూసినవి అవే. టర్బో బండిలో లోపలే ఒత్తిడి ఎక్కువ. పగులుంటే గాలి బయటికి పోతుంది. నాలుగోదానికి గాలి తగ్గాలి, పెరగకూడదు. ఇది రెండు వాక్యాల మాట. డిగ్రీ మొదటి ఏడాది పిల్లలు చెబుతారు.

రెండు వాక్యాలు. నేను అక్కడే, తలుపు పక్కనే నిలబడి ఉన్నాను.

ఆగస్టు 15

సెలవు. సందులో జెండా, మైకు.

స్కూల్లో శుక్రవారాలు గుర్తొచ్చాయి. క్రిస్టియన్ పిల్లలు చాపెల్ ముందు వరస కట్టేవారు. ఒక్కొక్కరూ ఆ చెక్క గదిలోకి వెళ్లి, చిల్లుల జాలీ వెనకున్న ఫాదర్‌తో తమ తప్పులు చెప్పుకుని, ముఖం కడుక్కున్నట్టు బయటికి వచ్చేవారు. మేము వరండాలో హోంవర్క్ చేసుకునేవాళ్లం. నాకు అసూయగా ఉండేది. దేవుడి గురించి కాదు. ఆ జాలీ గురించి. ముఖం కనబడకుండా మాట్లాడే ఏర్పాటు.

"గట్టిగా చెప్పు, చెబితేనే కదా తెలిసేది" — సిస్టర్ నా రిపోర్టు కార్డులో ప్రతి ఏడూ ఇదే రాసేది.

ఆగస్టు 18

పక్క షెడ్డులో విగ్రహాలు చేసే మోహన్ సింగ్ అన్న దగ్గరికొచ్చి లొల్లి పెట్టాడట. ప్రతి ఏడూ పెద్ద గణపతుల కింద ఇనుప స్టాండ్లు ఖలీల్ భాయే అతుకుతాడు. ఈసారి రానన్నాడట. పోనీ చిన్నవాటికైనా చెయ్యమంటే అవీ వద్దన్నాడట. "విగ్రహం లారీ మీదికెల్లి ఒరిగితే ఎవరు బాధ్యులు, నా కండ్లు మంచిగ లేవు" అన్నాడట.

"ఏం చేసినవ్‌రా మా భాయ్‌ని?" అని మోహన్ సింగ్ అడిగితే, తానేమీ అనలేదన్నాడట అన్న. నిజమే, అన్న ఏమీ అనలేదు.

ఈ సందులో గణపతి నిలబడ్డాడంటే కింద ఆయన అతుకు ఉన్నట్టే. ఇన్నేళ్లలో ఒక్కటీ ఒరగలేదు.

ఆగస్టు 19

హుస్సేనీ ఆలంలో ఖలీల్ భాయ్ ఇంటికెళ్లాను. చెప్పడానికే వెళ్లాను. ఆటోలో మొదటి వాక్యం బట్టీ పట్టాను: భాయ్, తప్పు అతుకుది కాదు, నా డబ్బాది.

ఆయన బాపు పాల క్యాన్లకు పిడులు అతికే రోజుల నుంచి నాకు తెలుసు. చిన్నప్పుడు సూర్యగ్రహణానికి వెల్డింగు నల్లద్దం ముక్క కోసి, అంచులు నున్నగా రుద్ది ఇచ్చాడు. క్లాసులో అందరూ నా వెనక వరస కట్టారు, ఒక్కసారి చూపించమని. అలా జనం నా దగ్గరికి రావడం అదే మొదలు, అదే ఆఖరు.

ఆయన భార్య, చాచీ, తలుపు తీసింది. ఆయన చెక్క తఖ్తు మీద కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. ఎక్కింది. లాగేసి మళ్లీ ఎక్కిస్తున్నాడు. రోజంతా ఇదే పని అని చాచీ అంది. ఇంట్లో చిరిగిన బట్టలన్నీ కుట్టేశాడట, ఇక చింపి కుట్టాల్సిందేనట.

"డాక్టర్‌కు చూపెట్టిన, బేటీ. కండ్లు సాఫ్ ఉన్నయ్ అన్నడు." సూది వెలుతురుకు ఎత్తి చూశాడు. "ఆయనకేం తెల్సు. ఆయనేమన్న వెల్డింగ్ చేస్తడా?"

చాచీ నవ్వింది. నేను మొదలుపెట్టాను — "భాయ్, ఆ పగులు..."

"ఛోడో బేటీ. నువ్వెందుకు ఫికర్ చేస్తున్నవ్? నీ కామ్ మస్తు సాఫ్ ఉండె. పాలు పోసినప్పుడు నేనే చూసిన గద. ఇంత మంచిగ గీసిస్తే, నేను ఖరాబ్ చేసిన."

టీ వచ్చింది. తాగాను. బిస్కెట్ కూడా తిన్నాను.

గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటుంటే, చదువు బాగా సాగుతోందా అని అడిగాడు. ఊఁ అన్నాను.

ఆగస్టు 21

షాపులో రెండో మానిఫోల్డ్ తయారవుతోంది. అదే రకం కారు, ఇంకో కస్టమర్. పాల వీడియో చూసి వచ్చినవాడే. కొత్త వెల్డరు అతికాడు. అన్న నాలుగో పైపు దగ్గర అతుకు రెండింతలు మందంగా వేయించాడు. సబ్బు నీళ్లు పోసి, గాలి కొట్టి, ఒక్క బుడగ కూడా రాలేదని మురిసిపోయాడు.

గీసింది నేనే. అదే సీదా డబ్బా. ఆదివారం బిగిస్తారట.

ఆగస్టు 22

ఇవాళ ప్రయత్నించాను. రాసి పెట్టుకుంటాను, ప్రయత్నించలేదని తర్వాత అనుకోకుండా.

మధ్యాహ్నం అన్న భోజనానికి వచ్చాడు. పప్పు వడ్డిస్తూ, డబ్బా చివర సన్నగా చేస్తే బాగుంటుందేమో అన్నాను. "ఇప్పుడా? మానిఫోల్డ్ తయారై కూసుంది." గాలి నాలుగోదానికి ఎక్కువ పోతుందేమోనని... అన్నాను. అన్న చెయ్యి ఆపి నా వైపు చూశాడు. ఆ చూపులో అనుమానం ఉంటే మిగతాది చెప్పేసేదాన్ని. జాలి ఉంది.

"చెల్లె, ఆ పిస్టన్ చూసిన కాడికెల్లి నువ్వు సరిగ్గ తింటలేవ్. అమ్మ చెప్పింది. నీ తప్పేం లేదు గిండ్ల. గా పాలు సూసినం గద, నాలుగూ సమానం."

పాలు వేరు అన్నాను. అంత మెల్లగా అన్నాను, నాకే సరిగ్గా వినబడలేదు. అన్న పెరుగు అడిగాడు.

ఆగస్టు 23, శనివారం

చేశాను.

అన్న అల్యూమినియం రేకుల కోసం బయటికి వెళ్లినప్పుడు షాపుకెళ్లాను. కొత్త వెల్డరు భోజనానికి పోయాడు. మానిఫోల్డ్ బల్ల మీదే ఉంది. పక్క షెడ్డులో విగ్రహాలకు కప్పే ఎర్రగుడ్డ ఒకటి తీసుకుని, చుట్టి, ఎత్తుకున్నాను. సొరుగులోంచి పాత ప్లగ్గుల పొట్లం కూడా.

సందు చివర ఆటో ఎక్కాను. ఒడిలో ఎర్రగుడ్డ మూట చూసి డ్రైవరు రేడియో తగ్గించాడు. "గణపతా అమ్మా? ముందే తీస్కపోతున్నరా, మంచిగయింది, తర్వాత రష్ ఉంటది." ఊఁ అన్నాను. ప్రతి గుంత దగ్గరా ఆటో నడకలోకి దించాడు. దిగేటప్పుడు మూటకు దండం పెట్టుకున్నాడు.

అమ్మ కళ్లబడకుండా మేడ మీదికి తెచ్చి మంచం కింద పెట్టాను. చెప్పలేకపోయినా ఆపానుగా, అనుకున్నాను. ఇది ఇక్కడున్నంత కాలం ఏ పిస్టనూ కరగదు. కాసేపు నిజంగానే తేలిగ్గా ఉంది. పుస్తకం కూడా తెరిచాను.

సాయంత్రం అన్న వచ్చాడు. ముఖం పాలిపోయింది. మానిఫోల్డ్ లేదు, షాపంతా వెతికాం అన్నాడు. ఆ తర్వాత — మధ్యాహ్నం ఖలీల్ భాయ్ తన హెల్మెట్ తీసుకుపోవడానికి వచ్చాడని మోహన్ సింగ్ చెప్పాడట. వెల్డింగు హెల్మెట్. ఇక షాపుకు రానని కాబోలు.

"భాయ్ గట్ల చేసేటోడు కాదు బాపు. కానీ మనసుల కోపం ఉండి ఉంటది గద. కొత్తోనితోని పని చేపిచ్చిన."

నేను మెట్ల మీద నిలబడి విన్నాను. దిగలేదు.

ఒక తప్పు దాచడానికి ప్లగ్గులు కలిపాను. ఇంకో తప్పు ఆపడానికి ఇది తెచ్చాను. రెండూ వెళ్లి ఆయన నెత్తి మీదే పడ్డాయి.

ఆగస్టు 24, ఆదివారం

పొద్దున్నే అన్న ఫోన్ చేసి ఖలీల్ భాయ్‌ను ఇంటికి రమ్మన్నాడు. షాపులో అడిగితే నలుగురిలో బాగుండదట. ఇక్కడ బాపు ముందు, మెల్లగా అడుగుతాడట.

ఆ మెల్లదనమే నాకు భయం. మెల్లగా అడిగితే ఆయన ఒప్పుకుంటాడు. అతుకులో చెయ్యని తప్పు ఒప్పుకున్నాడు కదా. తీసుకుపోయి ఎక్కడో పెట్టి మర్చిపోయానేమో, నా బుర్ర కూడా మంచిగ లేదు, అంటాడు.

మంచం కింద నుంచి మూట లాగి గుడ్డ విప్పాను. కిటికీ గట్టు మీద ప్లగ్గులు పెట్టాను. నలుపు, గోధుమ, లేత, తెలుపు. మళ్లీ వరసలో.

ఇలా అనుకున్నాను — ఈ నాలుగూ కలిపి ఖలీల్ భాయ్ చేతిలో పోస్తాను. రంగు చూసి వరసగా పెట్టమంటాను. పెడతాడు. గోధుమకూ లేతకూ తేడా కనిపెట్టడం తేలిక కాదు, ఆయన కనిపెడతాడు. కళ్లకు ఏమీ కాలేదని ఆయన వేళ్లే ఆయనకు చెబుతాయి. అన్న ఆ వరస చూస్తాడు. పగులుదే తప్పయితే ఒక్కటే తెల్లబడాలి, మెట్లు ఎక్కినట్టు ఇలా ఎందుకు... అన్న మూర్ఖుడు కాదు. అడుగుతాడు. అప్పుడు నేను...

రాశాక తెలుస్తోంది. ఇదీ జాలీయే. నా బదులు ప్లగ్గుల చేత చెప్పించడం.

వీటిని గట్టు మీదే వదిలేసి దిగితే? డబ్బా ఒక్కటే చేతిలో పట్టుకుని. నేను తెచ్చాను. నేను గీశాను. నాకు ముందే తెలుసు. మూడు మాటలు. మూడోదే కష్టం. మొదటి రెండూ చెప్పి ఆగిపోతే, పాపం పిల్లకు తెలియక అయింది అంటారు. అందరూ నమ్ముతారు. ఖలీల్ భాయ్ అందరికంటే ముందు నమ్ముతాడు.

స్కూటర్ చప్పుడు. సందు మలుపులో ఒకసారి దగ్గి, మళ్లీ అందుకుంది... ఆగింది.

బాపు "రా భాయ్, కూసో" అంటున్నాడు. క్యాన్లు పక్కకు జరుపుతున్న చప్పుడు. అమ్మ టీ పెడుతోంది. అన్న గొంతు సవరించుకున్నాడు.

పెన్ను కుడి చేతిలో ఉంది. డబ్బా ఒడిలో. ఎడమ అరచెయ్యి తనంతట తానే వెళ్లి నాలుగో పైపును మూసింది, ఆ రోజు పాలకు మూసినట్టే.

కింద ఎవరూ నన్ను పిలవడం లేదు.